పొయ్యిలో పడిన కానుక: విల్లా కేథర్ నవలలో వలస రైతుల క్రిస్మస్

ఐరోపా నుంచి అమెరికా పల్లెపట్టులకు తరలివెళ్లిన రైతులు క్రిస్మస్‌ను ఎలా జరుపుకున్నారో చెప్పవలసి వచ్చినప్పుడు సాహిత్య విద్యార్థులు సాధారణంగా విల్లా కేథర్ నవల 'మై ఆంటోనియా' (1918) దగ్గరికి వెళతారు. అందులోనూ మొదటి భాగంలోని పదకొండు, పన్నెండు ప్రకరణాల దగ్గరికి. మంచు కమ్మేసిన నెబ్రాస్కా మైదానం. పట్నానికి దారి మూసుకుపోయింది. ఇంట్లో ఉన్న వాటితోనే పండుగ గడుపుకోవాలి. చిన్న దేవదారు చెట్టును నరికి తెచ్చి నిలబెడతారు, దానిమీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. బొహీమియా నుంచి వచ్చిన కేథలిక్కు షిమెర్దా ఆ చెట్టు ముందు మోకరిల్లుతాడు. ప్రొటెస్టెంటు అయిన ఇంటిపెద్ద మనసులో ఏమనుకున్నాడో గాని, తానూ తల వంచుతాడు. రెండు మతశాఖలు, రెండు దేశాలు ఒక చెట్టు దగ్గర కలుసుకున్నాయని చదివేవారికి తృప్తి కలుగుతుంది.

ఆ తృప్తిని మేము కాదనం. కాని ఈ నవలలో వలసవారి క్రిస్మస్ నిజంగా ఉన్నది ఆ ప్రకరణాలలో కాదు, వాటికి ముందున్న పదో ప్రకరణంలో అని మా వాదం. అక్కడ చెట్టు లేదు, కొవ్వొత్తి లేదు. ఒక చిన్న గుడ్డ మూట ఉంది. అది పొయ్యిలో పడింది.

ఈ నవలను మేము చాలా ఏళ్లుగా తులనాత్మక సాహిత్యం తరగతిలో చెబుతున్నాం. ఆ మూటను మేమూ మొదట్లో పట్టించుకోలేదు. ఒక ఏడు బరంపురం నుంచి వచ్చిన విద్యార్థిని లేచి, "మాస్టారూ, ఆ నాయనమ్మ వాటిని పొయ్యిలో పారేసింది గదా, ఇచ్చినావిడకు ఆ సంగతి తెలిసిందా?" అని అడిగింది. నవలలో దానికి జవాబు లేదు. ఆనాడు తరగతిలో మేమూ ఏదో చెప్పి తప్పించుకున్నాం. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాం.

ముందుగా కొద్దిపాటి నేపథ్యం. కేథర్ 1873లో వర్జీనియాలో పుట్టింది. 1883లో, ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు, కుటుంబం నెబ్రాస్కాలోని వెబ్‌స్టర్ కౌంటీకి తరలింది. తర్వాత అక్కడి రెడ్ క్లౌడ్ అనే చిన్న పట్నంలో స్థిరపడింది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు కాపురముండి సాగుచేసిన వారికి 160 ఎకరాల ప్రభుత్వ భూమి దక్కేది. ఆ చట్టం ఇచ్చిన ఆశతోనూ, రైలు కంపెనీలు అమ్మజూపిన భూములకోసమూ చెక్ జాతివారు, స్వీడన్, నార్వే, డెన్మార్క్ దేశాలవారు, జర్మన్లు ఆ గడ్డిమైదానంలోకి వచ్చారు. ఆంటోనియా పాత్రకు మూలమైన ఆనీ సడిలెక్ తండ్రి 1881లో, అంటే కేథర్ అక్కడికి చేరకముందే, ఆత్మహత్య చేసుకున్నాడు. కేథర్‌కు అది ఇరుగుపొరుగు చెప్పగా విన్న కథ. కాబట్టి నవల వలసవారి పొరుగింటి నుంచి చెప్పినది. కథ చెప్పే జిమ్ బర్డెన్ కూడా తల్లిదండ్రులు పోయి, పదేళ్ల వయసులో వర్జీనియా నుంచి తాత, నాయనమ్మల దగ్గరికి వచ్చినవాడే. అతడూ వలస వచ్చినవాడే గాని, భాష మారని వలస అతనిది. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

షిమెర్దా కుటుంబం తమ భాష తెలిసిన ఒక్కగానొక్క మనిషి, సాటి బొహీమియా వాడైన క్రాయెక్ దగ్గరే భూమి కొని మోసపోతుంది. ఇతర భాష రాదు కనుక మోసగాడినే దుబాసీగా పెట్టుకుని బతకాలి. నేల తొలిచిన గుంత ఇంట్లో చలికాలం మొదలవుతుంది. తిండి చాలదు. ఆ పరిస్థితి తెలిసి జిమ్, అతని నాయనమ్మ, పాలేరు జేక్ బండిలో తినుబండారాలు పెట్టుకుని చూడబోతారు. అదే పదో ప్రకరణం.

వాళ్లు తిరిగి బయలుదేరే ముందు షిమెర్దా భార్య తన కొయ్యపెట్టె తెరిచి, పరుపుగుడ్డతో కుట్టిన ఒక పొడవాటి సంచి బయటికి తీస్తుంది. సంచి నిండుగా ఉంది. మూతి విప్పగానే ఘాటైన మట్టి వాసన గుప్పుమంటుంది. అందులోంచి ఒక టీ కప్పుతో కొలిచి, గుడ్డముక్కలో కట్టి, జిమ్ నాయనమ్మ చేతిలో పెడుతుంది. వంటకని చెబుతుంది. ఇప్పుడు కొంచెమే, ఉడికితే ఇంతవుతుందని చేతులు చాపి చూపిస్తుంది. ఈ దేశంలో మీకివి లేవంటుంది. తినే వస్తువులన్నీ మా దేశంలోనే మేలంటుంది. నాయనమ్మకు చిర్రెత్తుతుంది. మీ రొట్టెకంటె మా రొట్టే నాకు ఇష్టమని పొడిగా జవాబిస్తుంది. ఆంటోనియా కల్పించుకుని కుందేలు మాంసంలో వేయండి, కోడికూరలో వేయండి, పులుసులో వేయండి, ఎంత బాగుంటుందో అని సర్దిచెబుతుంది.

ఇంటికి వచ్చి మూట విప్పితే గోధుమరంగు పెచ్చులు, ఏదో వేరును చెక్కినట్టు. ఈకల్లా తేలిక. జంతువుదో చెట్టుదో అంతుపట్టలేదు. ఏ వింత జంతువు ఎండుమాంసమో అని నాయనమ్మ అనుమానం. నెలల తరబడి పాత బట్టలతో, బాతు ఈకల దిండ్లతో ఒకే పెట్టెలో ఉన్న వస్తువు తినడానికి నాయనమ్మకు మనసొప్పదు. మూటను పొయ్యిలో వేసేస్తుంది. జిమ్ మాత్రం తన చేతిలో మిగిలిన ఒక పెచ్చు అంచు కొరికి నమిలి చూస్తాడు. ఆ రుచి అతనికి జీవితాంతం గుర్తుంది. అవి బొహీమియా అడవుల్లో ఏరి ఎండబెట్టి, సముద్రం దాటించి, ప్రాణంగా దాచుకున్న పుట్టగొడుగులని చాలా ఏళ్ల తర్వాతగాని అతనికి తెలియలేదు.

ఆ వెంటనే వచ్చే పదకొండో ప్రకరణం క్రిస్మస్ ముందు వారంతో మొదలవుతుంది.

ఇక్కడ చెక్ పండుగ గురించి నాలుగు మాటలు చెప్పాలి. డిసెంబరు 24 సాయంత్రాన్ని వాళ్లు 'ష్టెద్రీ వెచెర్' అంటారు, ధారాళంగా పెట్టే సాయంత్రం అని అర్థం. పగలంతా ఉపవాసం. ఉపవాసం నిలబెట్టుకున్న పిల్లలకు పొద్దుగూకాక బంగారు పందిపిల్ల కనిపిస్తుందని పెద్దలు ఊరిస్తారు. కేథలిక్కు ఆచారం ప్రకారం ఆనాడు మాంసం నిషిద్ధం. ఈ కాలంలో ఆ రాత్రి భోజనమంటే కార్ప్ చేప వేపుడు, బంగాళాదుంపల సలాడ్. పాత పల్లె వంట మాత్రం 'కుబా'. ఉడికిన బార్లీ గింజలలో నానబెట్టిన ఎండు పుట్టగొడుగులు, వెల్లుల్లి, మన ఆడవాళ్లు పూలలో కలిపి కట్టుకునే మరువం, ఇవన్నీ చేర్చి మూకుడుకు కొవ్వు రాసి కాలుస్తారు. బార్లీ ఎక్కడైనా పండుతుంది. వెల్లుల్లీ మరువమూ పెరట్లో వేసుకోవచ్చు. పుట్టగొడుగు సంగతి అలా కాదు. దానికి అడవి కావాలి, చెట్ల నీడ కావాలి, ఆకు కుళ్లిన తడినేల కావాలి. కనుచూపు మేర చెట్టులేని నెబ్రాస్కాలో అది దొరకదు. విత్తనం తెచ్చుకోవచ్చు, పులిసిన పిండి తెచ్చుకోవచ్చు, అడవిని తెచ్చుకోలేరు గదా. ఆ సంచిలో ఉన్నది ఎంతో అంతే. వాడినకొద్దీ తరిగేది. అందులోంచి ఒక కప్పు తీసి పొరుగామెకు ఇచ్చింది షిమెర్దా భార్య.

కేథర్ ఎక్కడా కుబా పేరెత్తలేదు. ఆంటోనియా చెప్పిన వంటలు కూడా మాంసంతో చేసేవే. కనుక ఆ సంచి పండుగ కోసమే దాచినదని నవల ఆధారంగా రుజువు చేయలేం. పండుగకు కొద్దిరోజుల ముందు, పెట్టె అడుగున దాచిన వస్తువు తీసి, కొలిచి, మూటకట్టి ఇవ్వడాన్ని మేము పండుగ కానుకగా చదువుతున్నాం. అలా చదివితే తరువాతి రెండు ప్రకరణాల రంగు మారుతుంది.

షిమెర్దా భార్యను నవల చిన్నచూపు చూసిందని కూడా మేము అనుకుంటున్నాం. జిమ్ కంటికి ఆమె గొప్పలు చెప్పుకునే మనిషి, ఆశపోతు. పదమూడో ప్రకరణంలో ఆమె బర్డెన్ల ఇంటికి వచ్చి, ఇనుప కుండ ఒకటి చేతిలోకి తీసుకుని, మీకు చాలా ఉన్నాయి, మాకు లేవు అంటుంది. కుండ తీసుకుని వెళుతుంది. జిమ్‌కు ఒళ్లు మండుతుంది. చదివేవారికీ మండేలాగే రాసింది కేథర్. మేము భాషాశాస్త్రం చదువుకున్నవాళ్లం కనుక మాకు ఈ ఘట్టం వేరేగా వినిపిస్తుంది. కొత్త భాషలో చాలీచాలని మాటలతో నెట్టుకొచ్చేవారికి నామవాచకాలు తొందరగా దొరుకుతాయి, కొన్ని క్రియలూ దొరుకుతాయి. 'ఏమనుకోకండి', 'ఏదో మాకు కలిగింది', 'మీకు నచ్చుతుందో లేదో' వంటి మెత్తని మాటలు చివరికిగాని రావు. చెక్ భాషలో మన మీరు, నువ్వు లాగా గౌరవానికి ఒక సర్వనామం, చనువుకు ఒకటి ఉన్నాయి. ఆ సదుపాయం ఇంగ్లీషులో లేదు. తన భాషలో ఆమె ఎంత మర్యాదగా మాట్లాడేదో మనకు తెలియదు, ఎందుకంటే జిమ్‌కు తెలియదు. 'మీకివి లేవు, మా దేశంలో మేలు' అన్న మాటను ఒక్కసారి మన ఇళ్లలోకి తెచ్చి చూడండి. 'ఇవి ఇక్కడ దొరకవమ్మా, మా ఊళ్లో మహా బాగుంటాయి, రుచి చూడండి' అని ఏ పెద్దావిడ అయినా అనే మాటే గదా. విభక్తులూ వినయమూ రాలిపోయి, ఎముకలు మిగిలాయి. విన్నవారు ఆ ఎముకలనే ఆమె స్వభావమనుకున్నారు.

తమిళనాట, కన్నడసీమలో మొదటిసారి బజారుకెళ్లి పొడిపొడి మాటలతో బేరమాడి, పొగరుమోతు అనిపించుకున్న కొత్త కోడళ్లు మన పాఠకుల కుటుంబాలలో ఉండే ఉంటారు.

నార్వే సంతతికి చెందిన అమెరికన్ భాషావేత్త ఐనర్ హౌగెన్ 1950లో అరువు మాటల మీద రాసిన వ్యాసంలో ఒక విభజన చేశాడు. పరభాషలోని మాటను ఉన్నదున్నట్టు దింపుకోవడం ఒక పద్ధతి; దాని స్థానంలో సొంత భాషలోని సరుకును పెట్టుకోవడం మరొక పద్ధతి. ఆయన ప్రసిద్ధ గ్రంథం కూడా అమెరికాలోని నార్వేజియన్ భాష మీదనే, 1953లో వచ్చింది. ఈ రెండు పద్ధతులలో ఏది జరగాలన్నా ముందు ఆ వస్తువేమిటో వినేవారికి తెలియాలి. బర్డెన్ల వంటింట్లో ఏదీ జరగలేదు. వచ్చినది మాట లేని వస్తువు. ఆంటోనియాకు కుందేలు, కోడి అనే మాటలు ఇంగ్లీషులో వచ్చు గాని, పుట్టగొడుగు అనే మాట వచ్చినట్టు లేదు. ఆ ఒక్క మాట వచ్చి ఉంటే మూట పొయ్యిలో పడేది కాదేమో.

మన సంగతి కొంత నయం. సంక్రాంతికి ఇంట్లో అరిసెలు వండుకునే తెలుగువారు తమిళనాట బజారులో అదిరసం అని అడగాలి. కర్ణాటకలో కజ్జాయ అనాలి. ఒడిశాలో అరిసా పిఠా అంటే సరిపోతుంది. మహారాష్ట్రలో అనారసె అనేది దాదాపు అదే పిండివంట. పేరు మారినా పొరుగింటి నాలుకకు ఆ బియ్యప్పిండి, బెల్లం పాకం కొత్త కాదు. మాట పోయినా వస్తువు నిలబడుతుంది. షిమెర్దాలకు పొరుగున ఉన్నవారికి మాటా తెలియదు, వస్తువూ తెలియదు. పేదరికం కంటె వాళ్లను ఎక్కువగా ఒంటరి చేసింది ఇదేనని మాకు అనిపిస్తుంది.

కేథర్ ఈ సంగతి తెలియని రచయిత్రి కాదు. మొదటి ప్రకరణంలోనే కథానాయిక పేరు ఎలా పలకాలో, ఊనిక మొదటి అక్షరం మీద ఉండాలని, అధోజ్ఞాపిక పెట్టి మరీ చెప్పింది. పేరు తప్పుగా పలికితే ఒప్పుకోని మనిషి. అటువంటి ఆమె షిమెర్దాల పండుగ రాత్రి ఆ గుంత ఇంట్లో ఏం జరిగిందో ఒక్క వాక్యం రాయలేదు.

బర్డెన్ల ఇంటి పండుగ మాత్రం కళ్లకు కట్టినట్టు ఉంటుంది. అల్లం రొట్టెలను మనుషుల ఆకారంలో, కోడిపుంజుల ఆకారంలో కోసి, మాడ్చిన చక్కెరతోనూ ఎర్రని దాల్చిన బిళ్లలతోనూ అలంకరిస్తారు. ఆంటోనియా చెల్లెలు యూల్కా కోసం జిమ్ గుడ్డముక్కలు కుట్టి బొమ్మల పుస్తకం తయారుచేస్తాడు. పండుగ ముందురోజు జేక్ గుర్రమెక్కి షిమెర్దాలకు కానుకలు తీసుకుపోతాడు. తిరిగి వచ్చేటప్పుడు చెట్టు తెస్తాడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన పాలేరు ఓటో ఫుక్స్ తన పెట్టె తెరిచి, స్వదేశంలోని ముసలితల్లి ఏటేటా పంపిన రంగు కాగితపు బొమ్మలు తీస్తాడు. పశువుల తొట్టెలో బాలుడు, దేవదూతలు, ముగ్గురు రాజులు, ఒంటెలు. ఆ దేవదారు చెట్టు నిజంగా వెలిగింది ఆ బొమ్మల వల్లనే. పండుగ పొద్దున తాత మత్తయి సువార్త చదువుతాడు. తర్వాత వేఫిళ్లు, సాసేజీ.

ఇక్కడ రెండు పెట్టెలున్నాయి. ఓటో పెట్టెలోంచి వచ్చినది చెట్టెక్కింది. షిమెర్దా భార్య పెట్టెలోంచి వచ్చినది పొయ్యిలో పడింది. కారణం వెతకడం కష్టం కాదు. బొమ్మ కంటికి చెందినది. దాన్ని మెచ్చుకోవడానికి మనవాళ్లు దూరం నుంచి చూస్తే చాలు. తిండిని నోట్లో పెట్టుకోవాలి. పరాయి పండుగలో పాటకూ బొమ్మకూ ఇంట్లో చోటు తొందరగా దొరుకుతుంది, వంటకు ఆలస్యంగా దొరుకుతుంది. ఇంకొకటి, ఓటో పాలేరుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. ఇంగ్లీషు మాట్లాడతాడు. తన బొమ్మల కథ తానే చెప్పగలడు.

నార్వే వలసవారి అనుభవం కొంత వేరుగా ఉంది. ఓలె రోల్వాగ్ (1876–1931) నార్వేలో ఒక లంక మీద పుట్టి, 1896లో అమెరికా వచ్చి, మిన్నెసోటాలోని సెయింట్ ఓలాఫ్ కళాశాలలో ఆచార్యుడైనాడు. డకోటా మైదానంలో నార్వే రైతుల కథను ఆయన అమెరికాలో ఉండి నార్వేజియన్‌లోనే రాశాడు. 1924, 1925లలో నార్వేలో అచ్చయింది. ఇంగ్లీషులో 'జెయింట్స్ ఇన్ ది ఎర్త్' పేరుతో 1927లో వచ్చింది. అందులోనూ క్రిస్మస్ ఉంది, పెద్ద పెట్టె ఉంది. గృహిణి బేరెట్ క్రిస్మస్ వేళ బిడ్డను కంటుంది. స్వదేశం నుంచి తెచ్చిన పెట్టెలోనే తనను పాతిపెట్టమని కోరుతుంది. రోల్వాగ్ తన వాళ్ల భాషలో తన వాళ్లకోసం రాశాడు. తిండి పేరు రాస్తే చాలు, వివరణ అక్కరలేదు. కేథర్ ఇతరుల గురించి తన భాషలో రాసింది. ఈ రెండు స్థితుల మధ్య తేడాను వలస సాహిత్యం చదివే ప్రతి విద్యార్థీ మొదట తేల్చుకోవాలి.

నార్వే వారి క్రిస్మస్ తిండి 'లూటెఫిస్క్' కూడా ఎండు వస్తువే. ఎండబెట్టిన కాడ్ చేపను క్షారజలంలోనూ తర్వాత మంచినీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి ఉడికిస్తారు. వాసన ఘాటైనదే. కాని ఎండుచేప ఓడలో రాగలదు, దుకాణంలో దొరకగలదు. అందుకే అది నిలిచింది. ఇప్పటికీ మిన్నెసోటా, విస్కాన్సిన్ పల్లెల్లో లూథరన్ చర్చీలు చలికాలం ముందు లూటెఫిస్క్ విందులు పెడతాయి. పక్కన బంగాళాదుంపలతో చేసే పల్చని 'లెఫ్సె' రొట్టె. నార్వేలోనేమో ఈనాడు ఎక్కువ ఇళ్లలో క్రిస్మస్ రాత్రి పందిమాంసమో గొర్రె పక్కటెముకలో వండుతున్నారు. స్వదేశంలో పాతబడిన మాటలు వలసవారి నోట మిగిలినట్టే ఇదీ.

భాషనూ తిండినీ కేథర్ ఒకచోట పక్కపక్కన పెట్టి మాట్లాడింది. మొదటి ప్రపంచయుద్ధం తెచ్చిన అనుమానాల మధ్య 1919లో నెబ్రాస్కా శాసనసభ ఒక చట్టం చేసింది. ఎనిమిదో తరగతి పూర్తికాని పిల్లలకు ఇంగ్లీషు తప్ప మరే ఆధునిక భాషా బడిలో నేర్పకూడదు. పదేళ్ల పిల్లవాడికి జర్మన్‌లో చదవడం నేర్పినందుకు రాబర్ట్ మేయర్ అనే లూథరన్ పాఠశాల ఉపాధ్యాయుడికి 25 డాలర్ల జరిమానా వేశారు. 1923 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. అదే ఏడు సెప్టెంబరులో 'ది నేషన్' పత్రికలో నెబ్రాస్కా గురించి కేథర్ వ్యాసం రాసింది. విల్బర్ అనే ఊళ్లో రోజంతా తిరిగినా ఒక్క ఇంగ్లీషు మాట వినపడని రోజులను తలచుకుంది. ఒక భాష వచ్చినవాడే రెండు వచ్చినవాడికంటె మంచి పౌరుడవుతాడని నమ్మే శాసనకర్తలను ఎత్తిపొడిచింది. ఆ వెంటనే, చెక్ ఊళ్ల రొట్టె దుకాణాల్లో ఒకప్పుడు దొరికిన పిండివంటలు ప్రాగ్, వియన్నాలలోని మేటి దుకాణాలకు తప్ప తీసిపోవని రాసింది. భాషను కాదన్న చేతులే రుచినీ కాదన్నాయని ఆమెకు తెలుసు. నాయనమ్మ చెయ్యి కూడా అటువంటిదే అని 1918లో ఆమె గట్టిగా అనలేదు. జిమ్ చేత ఒక అంచు కొరికించి ఊరుకుంది. ఎంతో ప్రేమగా చిత్రించిన నాయనమ్మ ఆమె.

అయితే నవల చివరి భాగం ఈ లెక్కను మళ్లీ తెరుస్తుంది. జిమ్ ఇరవయ్యేళ్ల ఎడబాటు తర్వాత ఆంటోనియా ఇంటికి వెళతాడు. ఆమె ఇప్పుడు చాలామంది పిల్లల తల్లి. ఇంట్లో బొహీమియా భాషే. తన ఇంగ్లీషు మరిచిపోయానంటుంది. పిల్లలకు బడికి పోయేదాకా ఇంగ్లీషు రాదంటుంది. పిల్లలు జిమ్‌ను నేలకొట్టులోకి తీసుకుపోయి ఊరగాయ పీపాలు, పండ్ల జాడీలు చూపిస్తారు. మసాలా వేసి ఊరబెట్టిన ప్లమ్ పండ్లు చూపించమ్మా, అమెరికన్ల దగ్గర ఇవి ఉండవు అని అంటారు.

ఆ మాట మనం ముందే విన్నాం. సుమారు ముప్పై ఏళ్ల కింద అమ్మమ్మ అన్న మాటే ఇది. ఆనాడు ముక్కలు ముక్కలుగా వచ్చి పొగరనిపించుకుంది. ఈనాడు వ్యాకరణం చెడకుండా, పిల్లల నోట వచ్చి ముద్దుగా ఉంది. కేథర్ దీన్ని కావాలనే పెట్టిందో, చెయ్యి తిరిగి దానంతట అదే వచ్చిందో మేము చెప్పలేం. షిమెర్దా భార్య పక్షాన నవల మాట్లాడిన చోటు ఏదైనా ఉంటే అది ఇదే.

ఆ పండ్లతో అమ్మ 'కొలాచీలు' చేస్తుందని ఒక పిల్లవాడు చెబుతాడు. లియో అనే కుర్రాడు ఈ పెద్దమనిషికి అవేమిటో ఏం తెలుసన్నట్టు తమ భాషలో గొణుగుతాడు. జిమ్ వెంటనే తిరిగి, నువ్వు పుట్టకముందే మీ అమ్మ చేతి కొలాచీలు తిన్నవాణ్నని దబాయిస్తాడు. పుట్టగొడుగు పేరు తెలియని పిల్లవాడు ఇప్పుడు కొలాచీ పేరు తెలిసిన పెద్దవాడయ్యాడు. ఈ మాటకు కేథర్ వివరణ ఇవ్వలేదు. చదివేవాడే తెలుసుకోవాలి. ఒక చిన్న భాషా విశేషం: చెక్‌లో ఏకవచనం 'కొలాచ్', బహువచనం 'కొలాచె'. ఇంగ్లీషు వాళ్లు బహువచనాన్నే ఏకవచనమనుకుని దానిమీద మళ్లీ బహువచన ప్రత్యయం తగిలించారు, మన పిల్లలు 'చిప్సులు' అన్నట్టు. టెక్సస్‌లో ఇంకా ముందుకు పోయి, పండ్లు పెట్టే ఈ రొట్టె పేరుతోనే సాసేజీ పెట్టిన రొట్టెను కూడా పిలుస్తున్నారు. అక్కడి పాత చెక్ కుటుంబాలవారు దానికి వేరే పేరుందని సరిదిద్దుతూనే ఉంటారు. మాట బతకడమంటే చాలాసార్లు ఇలా తప్పులతో బతకడమే.

కేథర్ 1932లో వెలువరించిన 'ఆబ్‌స్క్యూర్ డెస్టినీస్' సంపుటిలోని 'నైబర్ రోసికీ' కథను కూడా దీనితో కలిపి చదవమని విద్యార్థులకు చెబుతుంటాం. నెబ్రాస్కా చెక్ రైతు రోసికీ క్రిస్మస్ వేళ ఇంటివాళ్లకు తన లండన్ కథ చెబుతాడు. అద్దె గదిలో పస్తులుంటూ, ఇంటావిడ మరునాటి పండుగకోసం దాచిన బాతును ఆకలికి ఆగలేక సగం తినేస్తాడు. సిగ్గుతో వీధిన పడి తిరుగుతుంటే తన భాష మాట్లాడే కలవారు వినిపిస్తారు. ఆ భాషలోనే చెయ్యి చాచి అడిగి, డబ్బు తెచ్చి, ఆ ఇంటి పండుగ నిలబెడతాడు. ఇది వింటున్న వారిలో పాలీ ఉంది. చెక్ కాని అమెరికన్ కోడలు, అత్తింటి పద్ధతులకు దూరంగా మసలే పిల్ల. కథ విన్నాక కొత్త సంవత్సరానికి అత్తమామలను భోజనానికి పిలుద్దామని భర్తతో అంటుంది. పొయ్యిలో పడిన మూటకు కేథర్ పద్నాలుగేళ్లకు చెప్పుకున్న జవాబుగా మాకు ఈ కథ కనిపిస్తుంది. ఈసారి వలసవాడికి కథ చెప్పే భాష ఉంది, వినే మనిషీ ఉంది.

బరంపురం అమ్మాయి ప్రశ్న మాత్రం అలాగే ఉంది. జవాబు కోసం పన్నెండో ప్రకరణం మళ్లీ చదివితే, ఇన్నేళ్లూ మేము దాటిపోయిన ఒక చిన్న సంగతి దొరికింది. పండుగనాటి మధ్యాహ్నం షిమెర్దా కానుకలకు కృతజ్ఞత చెప్పడానికి ఒంటరిగా మంచులో నడిచి వస్తాడు. నెల తిరిగేలోగా అతను ప్రాణం తీసుకుంటాడు. ఆనాడు మాత్రం కుందేలు చర్మపు టోపీతో, మెడపట్టీతో, బర్డెన్ల ఇంట్లో ఊగే కుర్చీలో చాలాసేపు ప్రశాంతంగా కూర్చుంటాడు. చేతులకు కొత్త ఉన్ని తొడుగులు. భార్య అల్లినవని జిమ్ సగం వాక్యంలో చెప్పి ముందుకు పోతాడు. ఆ గుంత ఇంట్లో, ఆ చలిలో, పండుగకు ఆమె వాటిని అల్లింది. ముందురోజు రాత్రి ఏం వండిందో ఆయన్ను ఎవరూ అడగలేదు.